బూడిద అద్దిన వేళ్లు

యూనివర్సిటీ దరఖాస్తులో 'తల్లి వృత్తి' అని ఒక గడి ఉంటుంది. అందులో నేను 'గృహిణి' అని రాశాను. మరీ అబద్ధమేం కాదు, మా అమ్మ గృహంలోనే ఉంటుంది. కాకపోతే ఆ గృహంలో ఒక గుంట మగ్గం ఉంది, ఆ మగ్గం ముందు అమ్మ పొద్దున్నించి పొద్దుగూకేదాకా అచ్చు అతుకుతూ ఉంటుంది. అదంతా రాయడానికి గడి చాలలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఆ గడి చాలా పెద్దది.

అచ్చు అతకడమంటే తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. మగ్గం మీద ఒక పడుగు నేసి దించాక దాని పోగుల కొసలు దువ్వెనలాంటి అచ్చులోనే మిగిలిపోతాయి. కొత్త పడుగు తెచ్చి, అందులో ఒక్కో పోగునూ ఆ పాత కొసకు మెలిపెట్టి అతకాలి. ముడి వేస్తే అచ్చు పళ్ల సందులోంచి దాటదు. అందుకని ఒక మెలిక, బొటనవేలితో ఒక తోపు, అంతే. అలా మూడు వేల నూటపన్నెండు సార్లు. చీరాలలో మా వీధిలో సామ్రాజ్యం అతికిన అచ్చు తెగదని పేరు. సామ్రాజ్యం మా అమ్మ.

నేను ఎనిమిదో ఏట నుంచి బడికి వెళ్లేముందు రోజూ రెండొందల పోగులు అతికేదాన్ని. జారకుండా వేళ్లకు పిడకల బూడిద అద్దుకుంటాం. ఏళ్ల తరబడి అద్దితే బొటనవేలి మీద ఒక బూడిద రంగు గీత పడుతుంది. సాగరగిరి విశ్వవిద్యాలయం హాస్టల్లో చేరిన మొదటి వారంలో నేను చేసిన మొదటి పరిశోధన, ఆ గీతను పళ్లు తోముకునే బ్రష్షుతో గీకి వదిలించడం. 'ఏంది' పోయి 'ఏమిటి' వచ్చింది. భద్రావతి పోయి భద్ర వచ్చింది. అయిదేళ్లు తిరిగేసరికి నేను నాడీమండల శాస్త్రంలో పరిశోధక విద్యార్థిని, మా ల్యాబులో తన్వి అనే పిల్లకు ప్రాణస్నేహితురాలిని. తన్వి వాళ్ల తాతా ప్రొఫెసరే, నాన్నా ప్రొఫెసరే. వాళ్లింట్లో అన్నం కంటే ముందు డాక్టరేట్లు వడ్డిస్తారని నేను ఏడిపించేదాన్ని. మరి మీ ఇంట్లో ఏం వడ్డిస్తారని తను ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడం తన మంచితనం. చెప్పకపోవడం నా పిరికితనం.

మా ల్యాబు తయారుచేసింది ఒక పట్టీ. మణికట్టు నుంచి మోచేతిదాకా తొడుక్కోవాలి. పనితనం ఉన్న మనిషి దాన్ని తొడుక్కుని పనిచేస్తే, ఆ చేతి నరాల్లో నడిచే సంకేతాలను అది చదువుకుంటుంది. తర్వాత పని రానివాళ్లు తొడుక్కుంటే వాళ్ల చేతికి అదే నేర్పుతుంది. ఇరవై ఏళ్ల నేర్పు గంటలో. మా ప్రొఫెసర్ ఇందుశేఖర్ గారు దీనికోసం జుట్టంతా ఊడగొట్టుకున్నారు. చదవడంలో రెండు మట్టాలున్నాయి. పై మట్టం ఊరికే చూస్తుంది. అడుగు మట్టం అలా కాదు, వేళ్లు పని మీద ఉండగా సన్నగా కుదిపి, ఆ కుదుపును చెయ్యి ఎలా సర్దుకుంటుందో చూస్తుంది. గంటలో నాలుగు వేల కుదుపులు. నేర్పు మొత్తం బయటపడేది అప్పుడే.

ఆ శుక్రవారం ప్రభుత్వ నిపుణుల కమిటీ రావాలి. వాళ్లు మెచ్చితే ల్యాబు నిలుస్తుంది, నా ఫెలోషిప్ నిలుస్తుంది. హాల్లో ఎవరికీ చేతకాని పని ఒకటి చూపించాలని సార్ పట్టుబట్టి, చేనేత సంఘాలకు ఉత్తరాలు రాశారు, మీలో అచ్చు అతకడంలో అందరికంటే గట్టి చెయ్యి ఎవరిదో పంపండి అని. సోమవారం జవాబు వచ్చింది. తన్వి పైకి చదివింది.

"సామ్రాజ్యం గారు, చీరాల. పేరు భలే ఉంది కదా!"

నేను భలే ఉందన్నాను.

ఆ సాయంత్రం అమ్మే ఫోన్ చేసింది. "మీ కాలేజీకే అంట గదే. సంఘపోళ్లు నన్నే పొమ్మన్నారు. నేనేం నీ పేరు ఎత్తన్లే, నువ్వు కంగారుపడబాక."

కంగారేం లేదమ్మా అన్నాను. నా పేరు ఎత్తమ్మా అని మాత్రం అనలేదు.

బుధవారం పొద్దున అమ్మ ల్యాబుకు వచ్చింది. ఇస్త్రీ చీర, చేతిలో టిఫిన్ డబ్బా, కాళ్లకు కొత్త చెప్పులు. గుమ్మం ముందే ఆ చెప్పులు విడిచేసింది. తన్వి ఎదురెళ్లి లోపలికి రమ్మంది. అమ్మ నా వైపు తిరిగి చేతులు జోడించింది.

"నమస్కారం మేడం గారూ."

నేనూ చేతులు జోడించాను. ఆ చేతులు నావేనా అనిపించింది.

సార్ అమ్మకు కుర్చీ వేశారు, టీ తెప్పించారు, గౌరవంగానే మాట్లాడారు. ముందురోజు చీరాల నుంచి తెప్పించిన అచ్చునూ పడుగునూ బల్ల మీద కట్టించి ఉంచారు. తన్వి అమ్మ చేతులను స్పిరిటుతో తుడిచింది. పట్టీ తొడిగింది నేను. అమ్మ చెయ్యి కొబ్బరినూనె వాసన వేసింది. గోళ్లు తీసుకుంది, వేలి మీద గీత కూడా అరగదీసి వచ్చింది.

అమ్మ మొదటి పోగు పట్టుకుంది. జారింది. రెండోది మెలిపెట్టింది, అదీ విడిపోయింది. స్పిరిటుతో ఎంత తుడిచినా చర్మంలోకి ఇంకిన నూనె పోదు, బూడిద లేనిదే పోగు నిలవదు. అరగంటలో పదకొండు పోగులు. అమ్మ ముఖం చిన్నబోయింది. చీరాల మొత్తానికి గట్టి చెయ్యి ఇదేనా అని ఎవరూ అనలేదు గానీ, అనుకోవడం వినపడింది. కారణం తెలిసిన మనిషిని ఆ గదిలో నేనొక్కదాన్నే. చిటికెడు బూడిద కావాలి సార్ అంటే చాలు. నీకెలా తెలుసని అడుగుతారు. అందుకని తెర మీద అంకెలు చూస్తూ నిలబడ్డాను.

"నేర్పు పైపైన దొరకడం లేదు. లోతుకు దిగాల్సిందే. రేపు అడుగు మట్టం పెడదాం," అన్నారు సార్.

మధ్యాహ్నం అమ్మ సైకిళ్ల షెడ్డు వెనక అరుగు మీద కూర్చుని డబ్బా విప్పింది. ఎవరూ లేరని చూసుకుని వెళ్లి పక్కన కూర్చున్నాను. అడక్కుండానే పులిహోర నా చేతిలో పెట్టింది.

"బూడిదెందుకు తేలేదమ్మా?"

"అంత పెద్ద చోటికి బూడిద మూట పట్టుకుని వస్తే ఏం బావుంటదే? అందరూ తెల్లకోట్లేసుకుని ఉంటారని నువ్వేగా చెప్పింది. శుభ్రంగా కడుక్కుని, నూనె రాసుకుని వచ్చా. నీకు తలవంపులు గదా, లేకపోతే."

చేతిలో పులిహోర తిరిగి డబ్బాలో పెట్టాను. బ్రష్షుతో గీత గీక్కున్న పిల్ల తల్లి మరి.

"నువ్వట్టా మొకం పెట్టబాక. రేపు ఇంకోసారి చూస్తారంటగా, చూస్తార్లే," అంది అమ్మ, మూత బిగిస్తూ.

అమ్మను అతిథిగృహంలో దింపి బస్టాపుకు వెళ్లాను. అక్కడ పైడమ్మ మల్లెపూలు అమ్ముతుంది. రెండు నెలల క్రితం మా ల్యాబుకు వచ్చి అడుగు మట్టం చదివించుకున్న పనితనం గల మనుషుల్లో మొదటిది ఆవిడే. అంతకుముందు చదివించుకున్నవాళ్లంతా మా విద్యార్థులే. పైడమ్మ కళ్లు మూసుకుని మూర మాల అరనిమిషంలో కట్టేది. ఆ నేర్పు పట్టీలో భద్రపరిచి తన్వి చేతికి ఎక్కించాం. తన్వి హాస్టల్లో అందరికీ మాలలు కట్టిచ్చి మురిసిపోయింది.

ఆ సాయంత్రం పైడమ్మ బుట్టలో మాలలు లేవు. విడిపూలు గ్లాసుతో కొలిచి పోస్తోంది.

"మాలలు కట్టడం లేదా?" అన్నాను.

"ఏటి కట్టమంతావు తల్లే? మీ కాడికొచ్చిన కాణ్నించి ఏళ్లు ఆగిపోతన్నాయి. ముందల ఏ పువ్వెట్టాలి, ఏ పక్క తిప్పాలని నన్నే అడుగుతన్నాయి. ఎప్పుడైనా అడిగినాయా? నాకేటి తెలుసు, ఆటికే తెలుసు గానీ."

ఒక్క క్షణంలో నాకు బోధపడింది. చెయ్యి తనకు తెలుసని తెలియకుండా చేసే పనిని మేం నాలుగు వేల సార్లు కుదిపి ప్రశ్నలడిగాం. ఆ తర్వాత చెయ్యి తనను తనే అడుక్కోవడం మొదలెట్టింది. విద్యార్థులకు ఏమీ కాలేదంటే, ఎలా అవుతుంది మరి. వాళ్ల చేతుల్లో మేం చదివింది పెన్ను తిప్పడం, బంతి పట్టడం. అందులో పోవడానికి ఏళ్లనాటి నేర్పేం ఉంది?

గురువారం పొద్దున్నే సార్ గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నారు.

"ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చిందా?"

"ఆవిడకు రాయడం రాదు సార్."

"మరి పరీక్ష చేశామా? ముందెంత, తర్వాతెంత, అంకె ఉందా? అమ్మా, పన్నెండు మంది విద్యార్థుల లెక్కలు పక్కాగా ఉన్నాయి. బస్టాపులో ఒకావిడ అన్నదని ఆపేస్తే రేపు కమిటీకి ఏం చెప్పమంటావు?"

ఆయన చెడ్డవాడు కాదు. పైడమ్మ మాట ఆయన చెవిదాకా వచ్చింది గానీ అంకె కాలేకపోయింది, అంతే. పైడమ్మ చేతిని ముందుగా కొలవాలని మాకెవరికీ తోచలేదు. విద్యార్థులనైతే కొలిచాం. ఈ ముక్క తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది.

ల్యాబులోకి వచ్చేసరికి అమ్మ చెయ్యి చాపి కూర్చుని ఉంది. తన్వి అడుగు మట్టం సిద్ధం చేస్తోంది.

"ఆపు తన్వీ. ఆవిడకు బూడిద కావాలి. నిన్న నూనె వల్ల జారింది. నాకు నిన్ననే తెలుసు," అన్నాను.

"నీకెలా తెలుసు?" అన్నారు వెనకే వచ్చిన సార్. సరిగ్గా అదే ప్రశ్న.

"ఆమె మా అమ్మ సార్."

తన్వి నా వైపు చూసింది, అమ్మ వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. అమ్మ మాత్రం నన్ను కసిరింది.

"ఎందుకే అయ్యన్నీ? సార్ ఏమనుకుంటారు?"

"అనుకోనీ. బూడిద ఉందా?"

అమ్మ కొంగు చివర ముడి విప్పింది. కాగితం పొట్లంలో జల్లెడ పట్టిన బూడిద. ఎందుకైనా మంచిదని తెచ్చిందట. తెచ్చి, రెండు రోజులుగా నా పరువు కోసం దాచింది.

బూడిద అద్దుకున్నాక అమ్మ చేతులు ఎలా ఆడాయో నేను రాయలేను. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. నిమిషానికి పది పోగులు, ఒక్కటి జారలేదు. పై మట్టం చదవడం అయ్యాక తన్వి పట్టీ తొడుక్కుని కూర్చుంది. అతికింది గానీ, గట్టిగా లాగితే సగం ఊడొచ్చాయి.

సార్ కుర్చీలో కూలబడ్డారు. "నిన్నే ఇది చెప్పి ఉంటే పై మట్టమే అయిదారుసార్లు చదివి నింపేవాళ్లం భద్రావతీ. ఇప్పుడు వ్యవధి లేదు. రేపు పొద్దున్నే కమిటీ."

నా మౌనం ఖరీదు ఒక రోజు. ఆ రోజు అమ్మ చేతి మీదకు వచ్చింది.

అడుగు మట్టం వద్దంటూ పైడమ్మ వేళ్ల సంగతి అందరి ముందూ చెప్పాను. అమ్మకు సగం అర్థమైనా మొత్తం అర్థమైనట్టే మాట్లాడింది. "దీనికి చదువు ఆగిపోద్దా సారూ? అయితే కానీయండి. ఇదిగో చెయ్యి. ఇంకెన్నాళ్లు అతుకుతాన్లే."

"నువ్వుండమ్మా," అన్నాను. కుర్తా చెయ్యి మోచేతిదాకా మడిచాను. "సార్, ఈ పని నాకూ వచ్చు. అమ్మంత రాదు, వచ్చు. నా చేతిని అడుగు మట్టంలో చదవండి. ముందు పది నిమిషాలు కొలవండి, తర్వాత పది నిమిషాలు కొలవండి. మీకు కావాల్సిన అంకె దొరుకుతుంది. పైడమ్మ మాట లెక్కలోకి రాలేదు. నేను ఈ ల్యాబు మనిషిని. నా చెయ్యి వస్తుంది."

"పోతే?" అన్నారు సార్ నెమ్మదిగా.

"పోతే నేను చెప్పింది నిజమన్నట్టు."

"నీకేమన్నా పిచ్చా?" అంది తన్వి. అమ్మ బూడిద పొట్లం నా ముందుకు జరిపింది. నేను సంతకం పెట్టాల్సిన కాగితాలన్నీ పెట్టాను.

అయిదేళ్ల తర్వాత వేళ్లకు బూడిద అద్దుకున్నాను. నా చెయ్యి నన్ను ఒక్క మాట అడగలేదు. దానంతటదే పోగు పట్టింది, మెలిపెట్టింది, తోసింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పది నిమిషాల్లో అరవై రెండు. "నిదానం," అని గొణిగింది అమ్మ పక్కనుంచి. తన్వి అంకె రాసుకుంది.

తర్వాత గంటసేపు పట్టీ నన్ను కుదిపింది. నొప్పేం లేదు. చక్కిలిగింతలా ఉంటుంది. గంటయ్యాక పట్టీ విప్పి మళ్లీ కూర్చున్నాను. పోగు పట్టుకున్నాను. ఇప్పుడు ఏం చేయాలి? ఎడమకు తిప్పాలా, కుడికా? బొటనవేలు పైనా, కిందా? పది నిమిషాల్లో నాలుగు. అందులో రెండు నేను లేస్తుండగానే విడిపోయాయి.

నేను గెలిచాను. గెలిచినందుకు ఏడుపొచ్చింది. గీత గీకేసినప్పుడు కూడా లోపల ఉండిపోయిందొకటి, అది పోయింది.

శుక్రవారం కమిటీ ముందు తన్వి నా చేతి నేర్పుతో పోగులు అతికింది. లాగి చూశారు, ఒక్కటీ ఊడలేదు. హాలంతా చప్పట్లు. అవి ఆగాక నేను లేచి తన్వి పక్క కుర్చీలో కూర్చున్నాను. సారే మైకు తీసుకున్నారు. రాత్రంతా ఆలోచించుకున్నట్టున్నారు.

"ఈ నేర్పు ఈ అమ్మాయిది. ఇప్పుడు తన చెయ్యి కూడా చూడండి," అన్నారు.

రెండు వందల మంది ముందు నేను పోగులు జారవిడిచాను. తెర మీద రెండు అంకెలు, అరవై రెండు, నాలుగు. కమిటీలో ఒక పెద్దావిడ, మళ్లీ వస్తుందా అని అడిగారు.

"తెలియదండీ. బస్టాపు దగ్గర పైడమ్మ గారికి రెండు నెలలైనా రాలేదు. తిరిగి తెచ్చే దారి దొరికేదాకా అడుగు మట్టం మూసేయాలని మా ప్రతిపాదన. పై మట్టంతోనే నిదానంగా చేస్తాం. చెయ్యి ఇచ్చే ప్రతి మనిషినీ ముందుగా కొలుస్తాం," అన్నాను.

"ఇంత చక్కగా అతకడం మీరెక్కడ నేర్చుకున్నారు?"

మూడో వరసలో కొత్త చెప్పులు కాళ్లకే ఉంచుకుని కూర్చున్న అమ్మను చూపించాను. "ఆవిడ దగ్గరండీ. మా అమ్మ. అచ్చు అతుకుతుంది." మైకులో నా గొంతు నాకే వింతగా ఉంది, చీరాల యాసలో.

అడుగు మట్టం మూసేశారు. ల్యాబు నిలిచింది, నిధులు మాత్రం అడిగినదాంట్లో సగమే వచ్చాయి. నాకు రెండు నెలలు సెలవిచ్చారు. దాన్నీ ప్రయోగంలో భాగంగానే నమోదు చేయమని సార్ అన్నారు.

తన్వి రోజూ పొద్దున బస్టాపుకు వెళ్లి పైడమ్మ పక్కన గోనె పరుచుకుని కూర్చుంటోంది. తన చేతిలో ఉన్న పైడమ్మ నేర్పుతోనే మాలలు కట్టి చూపిస్తోంది. డాక్టరేట్ల వంశంలో ఫుట్‌పాత్ మీద పూలు కట్టిన మొదటి మనిషి తనే. ఒకరోజు అక్కణ్నించే నాకు ఫోన్ చేసి పైడమ్మకు ఇచ్చింది.

"నా ఏళ్లు నాకే నేర్పతన్నాది ఈ గుంట," అని నవ్వింది పైడమ్మ. "నిన్న మూర కట్టీసినాను. వంకరే గానీ, కట్టీసినాను."

నేను చీరాలలో ఉన్నాను. గుంట మగ్గం ముందు, అమ్మ పక్కన పీట మీద. దరఖాస్తులో ఆ గడిని దిద్దమని ఆఫీసుకు పంపాను. దానికి ఏవో ధ్రువపత్రాలు కావాలట, అవీ పంపాను. పద్దెనిమిది రోజులుగా నా చెయ్యి నన్ను ప్రశ్నలడుగుతూనే ఉంది.

"పోగు వంక చూడబాక," అంది అమ్మ. "నా మొకం చూసి మాట్లాడు. ఏలు చూసుకుంటది."

"ఏం మాట్లాడాలి?"

"ఏందో ఒకటి. ఆ హాస్టల్లో ఏం పెట్టేవాళ్లే తినడానికి? అయిదేళ్లలో ఒక్కసారన్నా చెప్పావా?"

చెప్పడం మొదలుపెట్టాను. చెంచాతో ఇడ్లీ తినడం నేర్చుకోవడానికి నేను పడ్డ పాట్లు చెప్పాను. అమ్మ పగలబడి నవ్వింది, నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూ కిందికి చూస్తే నా వేళ్ల మధ్య ఒక పోగు అతికి ఉంది. అమ్మ దాన్ని పట్టుకుని గట్టిగా లాగింది. రాలేదు.

బూడిద చిప్ప నా వైపు జరిపింది.

"ఇంకా మూడు వేల నూటపదకొండు ఉన్నయ్యి. కానియ్యి," అంది.